జోసెఫ్ విట్‌వర్తు

ఇంగ్లండులోని స్టాక్‌పోర్టు పట్టణమున 1803వ సంవత్సరములో ఒక బడిపంతులు ఇంట జోసెఫ్ విట్‌వర్తు జన్మించెను. పదునాలుగేండ్ల ప్రాయమున వ్యాపారము నేర్చుకొనుటకై తండ్రి అతనిని నూలుమిల్లు నడపు బంధువు నొద్దకు పంపెను. బాలునికి లెక్కపుస్తకములు రుచింపలేదు; మిల్లులోని యంత్రములే అతని మనస్సును హరించెను. కొన్నేండ్లకు అచటినుండి వెడలి మాంచెస్టరులో పనివాడుగా చేరెను. పిమ్మట లండనులో మాడ్స్‌లే అను ప్రసిద్ధ యంత్రనిర్మాత కర్మాగారమున పనిచేసెను.

ఆ కాలపు పనివారు ఇనుప పలకలను చదును చేయుటకు ఒకదానితో నొకటి నూరుచుండిరి. ఒక పలక ఉబ్బి, రెండవది గుంటపడినను రెండును చక్కగా అతుకును; తప్పు బయటపడదు. విట్‌వర్తు మూడు పలకలను తీసికొని, ఒక్కొక్క దానిని తక్కిన రెండింటితో పోల్చుచు, ఎత్తైన చోట్లను గీకి తొలగించెను. 1833లో మాంచెస్టరున సొంత కర్మాగారము నెలకొల్పెను. అంగుళములో పదిలక్షవ వంతును కొలువగల యంత్రమును నిర్మించెను.

1854లో, క్రిమియా యుద్ధకాలమున, ఎన్‌ఫీల్డు తుపాకులను తయారుచేయు యంత్రములను రూపొందింపుమని ప్రభుత్వము అతనిని కోరెను. గొట్టము ఎట్లుండిన గుండు సూటిగా పోవునో తెలియకయే యంత్రములు చేయుట వ్యర్థమని అతడు తలంచెను. తన ఇంటి ఆవరణమున 500 గజముల పొడవున కప్పుగల శాలను కట్టించెను. గాలివాన దానిని కూల్చివేయగా మరల కట్టించెను. అందులో పలుచని కాగితపు తెరలను వరుసగా వ్రేలాడదీసి, గుండు వానిని చీల్చిన చోట్లను బట్టి దాని మార్గమును కనిపెట్టెను.

తుపాకి గొట్టములోని మెలికల గాడులు గుండును గిరగిర త్రిప్పును. తిరుగుచున్న బొంగరము ఒరగిపోదు గదా, గుండును అట్లే. సన్నని పొడవైన గుండు గాలిని సులభముగా చీల్చును గాని, అది ఒరగకుండుటకు మరింత వేగముగా తిరుగవలెను. ఎన్‌ఫీల్డు గాడి 78 అంగుళములకు ఒక చుట్టు తిరిగెడిది. విట్‌వర్తు దానిని 20 అంగుళములకే తిరుగునట్లు చేసెను. గొట్టపు రంధ్రమును 0.577 నుండి 0.451 అంగుళమునకు తగ్గించి, ఆరు పలకలుగా మలచెను. గుండు బరువు తగ్గలేదు, పొడవు పెరిగెను.

1857లో హైత్ అను చోట రెండు తుపాకులను పరీక్షించిరి. 500 గజముల దూరమున ఎన్‌ఫీల్డు గుండ్లు సగటున రెండడుగులకు పైగా తొలగిపోగా, విట్‌వర్తు గుండ్లు అయిదంగుళములైనను తొలగలేదు. 1400 గజముల వద్ద ఎన్‌ఫీల్డు గురిపలకనే తాకలేకపోయెను. అయినను సైన్యాధికారులు క్రొత్త తుపాకిని స్వీకరింపలేదు. రంధ్రము మిక్కిలి చిన్నదనిరి, వెల హెచ్చనిరి. తుపాకిమందు మసి సన్నని గొట్టములో త్వరగా పేరుకొనుట నిజమే. యుద్ధభూమిలో దానిని తుడుచుకొను తీరిక సైనికునికి ఎక్కడిది?

1860లో వింబుల్డనున జరిగిన తుపాకి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించెను. విట్‌వర్తు తన తుపాకిని దిమ్మెపై బిగించి గురిచూచి యుంచగా, రాణి పట్టుత్రాడును లాగెను. 400 గజముల దూరమున గుండు గురి నడిబొడ్డుకు ఇంచుమించు ఒకటింబావు అంగుళము దూరములో తాకెను.

విట్‌వర్తు 1868లో యంత్రవిద్య నేర్చు యువకులకు విద్యార్థివేతనములు ఏర్పరచెను. 1871లో బ్రిటిషు సైన్యము మార్టిని-హెన్రీ తుపాకిని స్వీకరించెను. అందు ఆరు పలకల రంధ్రము లేదు. కాని రంధ్రము వెడల్పు 0.45 అంగుళము, గాడి చుట్టు 22 అంగుళములకు ఒకటి. విట్‌వర్తు 1887లో మాంటెకార్లోలో మరణించెను.