చెత్త పడే సందులో పిల్లల తోట: మరియా మాంటిసోరి జీవితం



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది ఒకే విషయం అడిగారు. సెలవు రోజు పిల్లలు ఇంట్లో ఉంటే ఫోన్ వదలరు, బయటికి పంపితే రోడ్డు మీద బండ్ల భయం, ఏం చేయాలి మేడమ్ అని. మన స్టేషన్ ఘన్‌పూర్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లకు ఇంటెనుక ఎంతో కొంత జాగా ఉంది. అయితే ఆ జాగాలో ఏముంటాయి? ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలు, ఇనుప చువ్వలు, కట్టెల కుప్ప, విరిగిన కుర్చీ, నీళ్ల సంపు, బోరు మోటారు. ఎవరికీ పనికిరానివన్నీ అక్కడికే చేరతాయి. పిల్లలకు మాత్రం అక్కడ చోటుండదు. అలాంటి ఒక జాగాను పిల్లలకు ఇచ్చి చూసిన మనిషి గురించి ఈ నెల చెబుతాను. ఆమె పేరు మీకు తెలుసు. మన దగ్గర ఎన్నో బడుల బోర్డుల మీద ఉంటుంది. అది ఒక మనిషి పేరని తెలియనివాళ్లూ చాలామంది ఉన్నారు.

మరియా మాంటిసోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని చియరవల్లె అనే చిన్న ఊర్లో పుట్టింది. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి. కూతురు టీచర్ అయితే బాగుంటుందని ఆయన కోరిక, కానీ ఆమె మొదట ఇంజనీరింగ్ వైపు మొగ్గి తర్వాత డాక్టర్ కావాలనుకుంది. మెడిసిన్‌లో ఆడపిల్లలు దాదాపు లేని రోజులు. మగ విద్యార్థులతో కలిసి శవపరీక్ష చేయడం మర్యాద కాదన్నారు. అందుకని అందరూ వెళ్లిపోయాక సాయంత్రాలు ఒంటరిగా ఆ గదిలో చదువుకుంది. 1896లో రోమ్ యూనివర్సిటీ నుంచి డాక్టర్‌గా బయటికొచ్చింది. ఇటలీలో మెడిసిన్ చదివిన తొలి తరం మహిళల్లో ఆమె ఒకరు.

ఉద్యోగంలో భాగంగా రోమ్‌లోని మానసిక రోగుల ఆసుపత్రులకు వెళ్లేది. అక్కడ బుద్ధి ఎదగలేదని ముద్ర వేసిన పిల్లలను ఒక ఖాళీ గదిలో ఉంచేవారు. అన్నం తిన్నాక వాళ్లు నేల మీద పడిన రొట్టె తుంపులు ఏరుకుంటుంటే, చూసుకునే ఆమెకు అది తిండి మీద ఆశలా కనిపించి అసహ్యపడింది. మాంటిసోరి గది అంతా చూసింది. చేత్తో పట్టుకోవడానికి అక్కడ ఇంకే వస్తువూ లేదు. పిల్లలు ఏరుకుంటున్నది తినడానికి కాదు, ఆడుకోవడానికి అని అర్థమైంది. తర్వాత ఆమె చేసిన పని అంతటికీ ఈ గమనింపే మూలమని నాకనిపిస్తుంది.

1898లో ఆమెకు కొడుకు పుట్టాడు. పేరు మారియో. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ కావడంతో, ఆ రోజుల్లో బయటికి తెలిస్తే ఉద్యోగం, పరువు రెండూ పోతాయని పల్లెలో ఒక కుటుంబం దగ్గర పెంచడానికి ఇచ్చారు. బాబుకు పదిహేనేళ్లు వచ్చాకే తల్లీకొడుకులు ఒకచోట ఉండగలిగారు. లోకంలో ఇంతమంది పిల్లల గురించి ఆలోచించిన ఆమె సొంత బిడ్డ ఆటపాటలు చూడలేకపోయింది. దీని మీద తీర్పు చెప్పడం మన పని కాదు. కానీ ఆమె జీవితం చెప్పేటప్పుడు ఈ ముక్క వదిలేయడం కూడా న్యాయం కాదు.

ఇక అసలు కథ రోమ్‌లోని సాన్ లొరెంజోలో మొదలవుతుంది. కూలీలు ఉండే పేద వాడ అది. ఒక కంపెనీ అక్కడి పాత భవనాలను బాగుచేసి అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పొద్దున్నే పనికి పోతే, బడి వయసు రాని చిన్నపిల్లలు రోజంతా ఒంటరిగా మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేసేవాళ్లు. వాళ్లను చూసుకోమని కంపెనీ డైరెక్టర్ మాంటిసోరిని అడిగాడు. నిజం చెప్పాలంటే ఆయన బాధ ముందుగా గోడల గురించే! 1907 జనవరి 6న, మార్సీ వీధిలో 58వ నంబరు ఇంట్లో పిల్లల ఇల్లు తెరిచారు. సుమారు 50 మంది పిల్లలు. వాళ్ల ఎత్తుకు తగ్గ అలమరాలు, వాళ్లే మోయగల తేలిక కుర్చీలు ఆమె చేయించింది. టీచర్ కూడా అదే భవనంలో ఉండాలని నియమం.

గది లోపలి సామాను గురించి అందరూ రాస్తారు. నేను బయటి సంగతి చెబుతాను. భవనం పక్కన పిల్లలు పరుగెత్తడానికి పెద్ద ఆవరణ ఉండేది. దాంతోపాటు ఒక పొడుగాటి జాగాలో ఒకవైపు చెట్లు, మధ్యలో బాట, ఇంకోవైపు తవ్విన నేల. ఆ నేలను చిన్న చిన్న మడులుగా చేసి పిల్లవాడికి ఒకటి చొప్పున ఇచ్చింది. చిన్నవాళ్లు బాట మీద పరుగెత్తుతుంటే, నాలుగేళ్లు దాటినవాళ్లు తమ మడిలో విత్తనం వేసేవాళ్లు, నీళ్లు పోసేవాళ్లు, మొలక వచ్చిందా అని వంగి చూసేవాళ్లు.

ఆ మడులు ఉన్నది భవనం గోడ పక్కన, ముందుకు దారి లేని సందులో. ఎవరూ నడవని చోటు కాబట్టి పై అంతస్తుల వాళ్లు కిటికీల నుంచి చెత్త అంతా అక్కడే పారేసేవాళ్లు. మొదట్లో పిల్లల మొక్కల మీద కూడా పడింది. మాంటిసోరి ఎవరినీ తిట్టలేదు, బోర్డు పెట్టలేదు. ఆ నేల మీద తమ పిల్లల కష్టం ఉందని కిటికీల్లోంచి చూసినకొద్దీ చెత్త వేయడం దానంతటదే తగ్గి ఆగిపోయింది. తర్వాత ఆ కిటికీల్లోంచి తల్లుల చూపులే కిందికి వచ్చేవని ఆమె రాసుకుంది. మనం కూడా ఇంటెనుక జాగాను ముందు పూర్తిగా శుభ్రం చేసి తర్వాత పిల్లలకు ఇద్దామనుకుంటాం, ఆ రోజు రాదు. ఒక మూల నాలుగు జానల నేల తవ్వి పిల్లకు ఇచ్చి మెంతులు చల్లమనండి. ఆమె మడి పక్కన ఇటుక ముక్క వేయడానికి మీకే చేయి రాదు.

ఆట సామాను విషయంలో కూడా ఆమె ముందు చూసేది, తర్వాత చేయించేది. ఒకసారి ఆవరణలో పిల్లలు టీచర్ వెనక వరుసగా మార్చింగ్ చేస్తున్నారు. రెండున్నర, మూడేళ్లవాళ్లు అలసిపోయి వరుస వదిలేశారు. కూర్చోవడానికి పక్కనే కుర్చీలున్నా కూర్చోలేదు. కంచె దగ్గరికి పోయి, పై తీగను చేతులతో పట్టుకుని, కింది తీగ మీద పాదాలు పెట్టి, నవ్వుతూ పక్కకు పక్కకు జరిగారు. చిన్నపిల్లల కాళ్లు పొట్టి, మొండెం బరువు ఎక్కువ. ఆ బరువును చేతులు కొంత మోస్తే కాళ్లకు హాయి అని డాక్టర్‌గా ఆమెకు తట్టింది. అలాంటి కంచెలే ఆట కోసం కట్టించింది. ఉయ్యాల పీటను కాళ్లు మొత్తం ఆనేంత వెడల్పుగా చేయించి, ఎదుటి గోడకు నున్నటి చెక్క కొట్టించింది. పిల్లలు పాదాలతో ఆ చెక్కను తన్ని ఊగుతారు, వెనక నుంచి ఎవరూ తోయనక్కర్లేదు.

ఇవన్నీ మనకూ వీలే. రెండు గట్టి వెదురు బొంగులు, ఒకటి నేలకు జానెడు ఎత్తులో, ఇంకోటి పిల్లల ఛాతీ ఎత్తులో కడితే చాలు. ముళ్ల తీగ మాత్రం వద్దు. వేప కొమ్మకు ఉయ్యాల వేస్తే కింద బండలు తీసి మెత్తటి ఇసుక పోయండి. సంపుకు పిల్లలు ఎత్తలేని బరువు మూత, వీలైతే తాళం ఉండాలి (మా ఇంట్లో కూడా మొన్నటిదాకా రేకు ముక్కే కప్పాం, సిగ్గుగా చెబుతున్నా). పాత బోరు గుంత ఉంటే కేసింగ్‌కు గట్టి మూత బిగించండి. మోటారు స్టార్టర్ చేయి అందని ఎత్తులో ఉండాలి. కట్టెల కుప్ప, ఇటుకల కుప్ప పాములకు, తేళ్లకు ఇల్లు. గన్నేరు పూలు అందంగా ఉంటాయి కానీ చెట్టంతా విషమే, ఉమ్మెత్త కూడా అంతే. వీటిని ముందు సర్దితే, తర్వాత మాటిమాటికీ వద్దు అనే పని తగ్గుతుంది.

అయితే పక్కనే ఉండి సాయం చేయాలా? దీనికి ఆమె రోమ్‌లోని ఒక పార్కులో చూసిన సంగతి చెప్పేది. ఏడాదిన్నర బాబు చిన్న బకెట్‌లో గులకరాళ్లు నింపుకుంటున్నాడు. వెళ్లే టైమ్ అయిందని, వాడు సంతోషిస్తాడని ఆయా తనే గబగబా నింపి బాబును, బకెట్‌ను బండిలో పెట్టింది. బాబు గుక్కపట్టి ఏడ్చాడు. వాడికి కావాల్సింది నిండిన బకెట్ కాదు, నింపడం. పేరెంట్స్ డే ప్రాజెక్ట్ వర్క్ చేసిచ్చే మనందరికీ ఇది కొంచెం గుచ్చుకుంటుంది.

ఆమె పేరు కొద్ది ఏళ్లలోనే దేశదేశాలకు పాకింది. ఇటలీలో మొదట ముస్సోలినీ ప్రభుత్వం ఆమెకు అండగా నిలిచినా తర్వాత పొసగలేదు. 1934లో ఆమె దేశం వదిలింది. స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైతే హాలెండ్ చేరింది. 1939 నవంబరులో, దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద కొడుకు మారియోతో కలిసి మద్రాసులో దిగింది. అప్పటికి ఆమెకు 69 ఏళ్లు. అడయారులో తాటాకు పాకల కింద సుమారు 300 మందికి టీచర్ ట్రైనింగ్ ఇచ్చింది. ఆంధ్ర జిల్లాలకు కూడా అప్పుడు మద్రాసే రాజధాని.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో, బ్రిటిష్ వాళ్లకు ఈ తల్లీకొడుకులు శత్రుదేశం మనుషులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ క్యాంపులో పెట్టారు, ఆమెను అడయారు దాటనివ్వలేదు. ఆగస్టు 31న, ఆమె 70వ పుట్టినరోజుకు, వైస్రాయ్ మారియోను విడిచిపెట్టాడు. 1942 నుంచి 1944 వరకు కొడైకెనాల్‌లో ఉన్నారు. అక్కడ వేర్వేరు వయసుల పిల్లలు కలిసి చెట్లు, ఆకులు, పురుగులు, నీళ్లు చూస్తూ నేర్చుకునేవాళ్లు. ప్రకృతి అంతా ఒకదానికొకటి ముడిపడి ఉందని పిల్లలకు చెప్పే పాఠాలకు ఆమె అక్కడే రూపం ఇచ్చింది. యుద్ధం అయ్యాక యూరప్ వెళ్లి, 1947లో మళ్లీ మన దేశం వచ్చి, 1949 వరకు ఉంది.

1952 మే 6న హాలెండ్ సముద్రతీరంలోని నోర్ద్‌వైక్‌లో ఆమె కన్నుమూసింది. 81 ఏళ్లు. ఆ రోజు కూడా, ఆఫ్రికా వెళ్లి అక్కడి టీచర్లకు ట్రైనింగ్ ఇవ్వడం గురించి మారియోతో మాట్లాడుతూనే ఉంది.