కొండచిలువలకు ఇల్లు కట్టిన జోన్

పోయిన సెమిస్టర్ పరీక్షల ముందు నాకు ఒక పిచ్చి పట్టింది. రీల్స్‌లో ఒకాయన పెద్ద కొండచిలువను మెడలో వేసుకుని, సోఫాలో పడుకుని టీవీ చూస్తుంటాడు. అది కూడా హాయిగా ఆయన మీద పడుకునే ఉంటుంది. చూసి చూసి నాకూ అలాంటిది ఒకటి ఉంటే బాగుండు అనిపించింది. ఫోన్లో అమ్మకి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. మరి చలికాలంలో దానికి దుప్పటి కప్పుతావా అని నవ్వింది.

ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. వెతుకుతూ పోతే దాదాపు వందేళ్ళ కిందటి లండన్‌లో ఒక అమ్మాయి దగ్గర తేలాను. ఆమె పేరు జోన్ ప్రాక్టర్. పాములు, మొసళ్ళ గురించి చదివేవాళ్ళకి చాలా పెద్ద పేరు. నేను మాత్రం అంతవరకూ వినలేదు. గారు అని రాయాలేమో, కానీ మ్యూజియంలో పనికి చేరేటప్పటికి ఆమెకి దాదాపు నా వయసే. అందుకని కొంచెం చనువు తీసుకుంటున్నాను.

జోన్ 1897 ఆగస్టు 5న లండన్‌లో పుట్టింది. పదేళ్ళు వచ్చేసరికే ఇంట్లో పాములూ బల్లులూ పెంచుతోంది. వాటిలో ఒక డాల్మేషియన్ బల్లి అంటే ప్రాణం. ఎక్కడికి వెళ్ళినా అది వెంట ఉండాల్సిందే, భోజనాల దగ్గర కూడా పక్కనే. పదహారేళ్ళప్పుడు ఒక మొసలి పిల్ల దొరికింది. సెయింట్ పాల్స్ గర్ల్స్ స్కూల్లో లెక్కల క్లాసుకి దాన్ని తీసుకెళ్ళింది. మనం క్లాసులోకి ఫోన్ తీసుకెళ్తేనే ఎంత గొడవ అవుతుందో తెలుసు కదా.

ఇదంతా చదివితే సరదాగా ఉంటుంది. కానీ అప్పటికే ఆమెకి పేగుల జబ్బు. తగ్గేది కాదు, మళ్ళీ మళ్ళీ తిరగబెట్టేది. దానివల్ల స్కూలు మధ్యమధ్యలో ఆగిపోయేది. కేంబ్రిడ్జికి వెళ్ళాలనుకుంది, ఒళ్ళు సహకరించక వెళ్ళలేకపోయింది. అంటే ఆమె దగ్గర డిగ్రీ లేదు.

అప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో పాములు, కప్పలు, చేపల విభాగం చూసేది జార్జ్ బూలాంజే అనే పెద్ద శాస్త్రవేత్త. ఈ అమ్మాయి అడిగే ప్రశ్నలు ఆయనకి నచ్చాయి. 1916లో తన దగ్గర సహాయకురాలిగా పెట్టుకున్నాడు. ఆయన 1920లో రిటైర్ అయ్యాక సరీసృపాల పని మొత్తం ఆమె మీదే పడింది. ఆఫ్రికాలో రాళ్ళ సందుల్లో బతికే, రొట్టెలా పలచగా ఉండే ఒక తాబేలు మీద ఆమె 1922లో చేసిన స్టడీకి మంచి పేరొచ్చింది. ఆ కాలం నాకు అంత పట్టుబడలేదు కాబట్టి ముందుకి వెళ్తున్నా.

1923లో లండన్ జూలో సరీసృపాల క్యూరేటర్ పోస్టు ఆమెకి వచ్చింది. వయసు పాతికకి కొంచెం అటూ ఇటూ. ఆ సీటులో ఆమెకి ముందు ఆడవాళ్ళెవరూ లేరు. పేపర్లవాళ్ళకి పండగే, పాములూ ఒక అమ్మాయీ అంటే వార్తే కదా. పెద్ద కొండచిలువలని చేతులతో పట్టుకుని వాటికి వైద్యం చేసేది. పాముకి నోట్లో పుండ్లు పడితే తిండి మానేస్తుంది. ఆ విషయం బయటికి కనపడేలోపే చాలా ఆలస్యమైపోతుంది, ఎందుకంటే పాము అరవదు, కుంటదు, మొహం మాడ్చదు. ఇంకా ఏం కాకముందే చూసి పట్టుకోవాలి. ఆ చూపు జోన్‌కి ఉండేది. తను కూడా జబ్బు మనిషి కావడం వల్లేనా అని నాకు అనిపించింది, ఇది నా ఊహ మాత్రమే.

ఇప్పుడు అమ్మ అడిగిన దుప్పటి సంగతి. కొండచిలువ ఒంట్లో మనలాగా హీటర్ లేదు. బయట ఎంత వేడి ఉంటే దాని ఒళ్ళు దాదాపు అంతే. దుప్పటి కప్పినా లాభం లేదు, లోపల పుట్టే వేడి ఉంటేనే కదా దుప్పటి దాన్ని ఆపేది. కుందేలు లాంటిది ఒకటి మింగాక సరిపడా వెచ్చదనం దొరక్కపోతే అరగదు. కడుపులోనే కుళ్ళుతుంది, పాము కక్కేస్తుంది. చలి తగిలితే ఊపిరితిత్తులకి జబ్బు పడుతుంది. అలాగని గది మొత్తం ఒకే వేడిలో ఉంచినా తప్పే. అడవిలో అది కాసేపు ఎండ పడ్డ రాయి మీద ఉంటుంది, చాలనుకుంటే నీడలోకి పాక్కుంటూ వెళ్తుంది. ఎంత వేడి కావాలో ఆ పూటకి అదే నిర్ణయించుకుంటుంది.

జోన్ ఈ విషయాన్నే గోడల్లో పెట్టింది. ఆర్కిటెక్ట్ ఎడ్వర్డ్ గై డాబర్‌తో కలిసి ఆమె డిజైన్ చేసిన రెప్టైల్ హౌస్ 1927లో తెరిచారు. అందులో కరెంటు హీటింగు అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ. మామూలు అద్దం ఎండలోంచి ఎముకలకి పనికొచ్చే అల్ట్రావయొలెట్ కిరణాలని ఆపేస్తుంది కాబట్టి, వాటిని లోపలికి రానిచ్చే ప్రత్యేకమైన అద్దం వేయించింది. వెలుతురంతా జంతువు ఉన్న గదిలోనే, జనం నడిచే దారి మసకగా ఉంటుంది, సినిమా హాల్లోలాగా. అందుకని అద్దంలో మన మొహం కాకుండా పాము కనపడుతుంది. మైక్రోకంట్రోలర్ లేదు, సెన్సర్ లేదు. మేం ఫస్టియర్‌లో ఒక చిన్న డబ్బాలో టెంపరేచర్ కంట్రోల్ చేయడానికి మూడు వారాలు కొట్టుకున్నాం, అందుకే ఈ భాగం రెండుసార్లు చదివాను. ఆ ఇంట్లో 90 ఏళ్ళకి పైగా సరీసృపాలు ఉన్నాయి.

అదే ఏడాది రెండు కొమోడో డ్రాగన్లు వచ్చాయి. వాటి గురించి సైన్సు ప్రపంచానికి తెలిసింది 1912లోనే, కాబట్టి మనుషులు తినే రాక్షసులని అందరికీ భయం. వాటిలో సుంబావా అనేదాన్ని జోన్ మచ్చిక చేసుకుంది. 1928లో జూలాజికల్ సొసైటీ మీటింగుకి దాన్ని తీసుకొచ్చి, అందరి ముందూ చేత్తో తినిపించింది. పిల్లలు దాన్ని నిమిరేవాళ్ళు.

ఇక్కడ నాకు ఆమె మీద చిన్న ఫిర్యాదు ఉంది. ఆ పక్కన నిలబడ్డ పిల్లల ఫోటో నుంచి నేను చూసే రీల్ దాకా తిన్నగా ఒక దారి ఉందనిపిస్తుంది. ఫోటోలో నిమరడం కనపడుతుంది. దాని వెనక ఉన్న వేడి, అద్దం, పొద్దున్నే నోరు తెరిచి చూడటం కనపడవు. అమెరికాలో పెంచుకున్న బర్మీస్ కొండచిలువలు పెరిగి పెద్దవయ్యాక కొందరు వదిలేశారు, కొన్ని తప్పించుకున్నాయి. ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో ఇప్పుడు అవి అక్కడి జంతువులని తినేస్తున్నాయి. 2012లో వాటి దిగుమతి ఆపారు. మన దేశపు కొండచిలువనైతే ఇంట్లో పెంచడమే నేరం, 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం. రీల్‌లో ఆయన మీద పాము కదలకుండా ఎందుకు పడుకుందో కూడా ఇప్పుడు తెలిసింది. ఆయన ఒళ్ళు వెచ్చగా ఉంది, అంతే.

జోన్‌కి ఈ సంగతి తెలియదని కాదు. తెలిసే వాటిని ఇష్టపడింది. తిరిగి ఇష్టం రావాలని అడగకుండా ఇష్టపడింది.

రెప్టైల్ హౌస్ తెరిచాక ఆమెకి నాలుగేళ్ళే మిగిలాయి. నడవడం కష్టమై వీల్‌చైర్‌లో జూ అంతా తిరిగేది. నొప్పి లేని రోజు ఉండేది కాదు, అయినా పనికి వచ్చేది. 1931లో చికాగో యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, కాలేజీ మొహం చూడని మనిషికి. ఆ ఏడాదే సెప్టెంబర్ 20న చనిపోయింది. 34 ఏళ్ళు. ఆమె పాలరాతి విగ్రహం ఒకటి చేయించి, ఆమె కట్టించిన ఇంట్లోనే పెట్టారు.

ఇదంతా అమ్మకి చెప్పాను. మొత్తం విని, ఆ పిల్ల వాళ్ళమ్మ మొసలిని ఇంట్లోకి ఎలా రానిచ్చిందో అంది.