ప్రతినిధి ధర్మము: పండిత పంతుగారి జీవితము

ప్రజలు తమ ప్రతినిధిని శాసనసభకు పంపుట యెందులకు? అధికారము చేతలేని సభ్యుడు అడిగిన ప్రశ్నకు ప్రయోజన మేమి? ఓటు వేసిన ప్రతివాని మనస్సులోను ఎప్పుడో యొకప్పుడు ఈ సందేహము పొడసూపకపోదు. దీనికి సమాధానము తర్కమువలన గాక ఒక జీవితమువలన చెప్పుట మేలని మాకు తోచినది. ఆ జీవితము పండిత గోవింద వల్లభ పంతుగారిది. కేంద్ర ప్రభుత్వమున హోంమంత్రిగా, 1957లో భారతరత్న బిరుదము నందిన మహాశయునిగా వారిని ఎరిగినవారు పెక్కుమంది. హిమాలయ సానువులందలి కొండపల్లెల గోడును సంయుక్తరాష్ట్ర శాసనసభలో వినిపించిన సభ్యునిగా ఎరిగినవారు మన దేశభాగమున తక్కువ. మేమిచ్చట ప్రధానముగా ఆ సభ్యుని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

పంతుగారు 1887 సెప్టెంబరు 10వ తేదీన అల్మోరా జిల్లా ఖూంట్ గ్రామమున జన్మించిరి. తండ్రి మనోరథ పంతుగారు ప్రభుత్వోద్యోగి. అలహాబాదు మ్యూర్ కళాశాలలో చదివి, 1909లో న్యాయశాస్త్ర పరీక్షయం దుత్తీర్ణులై, అల్మోరా, రాణీఖేత్, కాశీపురములలో న్యాయవాద వృత్తి సాగించిరి. 1916లో వెలసిన కుమావూను పరిషత్తు వ్యవస్థాపకులలో వారొకరు. కక్షిదారుల వ్యాజ్యములు వినుచుండగనే పల్లెల బాధ వారికి బోధపడెను.

ఆ బాధ యెట్టిదో మన రైతులు వినదగినది. కుమావూను కొండలలో పెద్ద భూస్వాములు అరుదు. ఎవరి చెక్క వారే దున్నుకొను చిన్న రైతులే అధికులు. భూమి కలిగియుండుట ఎచ్చటనైనను గౌరవము. అచ్చట మాత్రము అదియొక శిక్షగా పరిణమించెను. దొరలు సంచారమునకు వచ్చినను, వేటకు వచ్చినను, వారి సామానులు మోయుట భూమిగల రైతు విధి. వారి విడిదికి పాలు, ధాన్యము, వంటచెరకు సమకూర్చుటయు వాని విధియే. ఎవరి వంతు ఎప్పుడు వచ్చునో గ్రామపు చిట్టాలలో వ్రాసియుండెడిది. కోతలనాడు పిలుపు వచ్చినను చేను విడిచి పోవలసినదే. మనము వెట్టి యని పిలుచు దురాచారమునే వారు బేగారు అనిరి. 1921 జనవరిలో మకర సంక్రాంతి తీర్థమునాడు బాగేశ్వరమున, బదరీదత్త పాండే మున్నగువారి నాయకత్వమున, ప్రజలు ఆ చిట్టాలను సరయూ నదిలో కలిపివేసిరి. పిమ్మట ప్రభుత్వము ఆ పద్ధతిని విడనాడక తప్పినది కాదు.

వెట్టి పోయినను అడవి మిగిలెను. 1893 అక్టోబరు 17వ తేదీ ప్రకటనతో ప్రభుత్వము కొలతకు రాని బంజరునంతను రక్షితారణ్యముగా చేసికొనెను. మరల 1911-1917 సంవత్సరముల నడుమ సుమారు 3000 చదరపు మైళ్ల భూమిని రిజర్వు అడవిగా నిర్ణయించెను. పశువుల మేతకు, పచ్చిరొట్టకు, కట్టెలకు, ఇంటి దూలమునకు ఆంక్షలు పుట్టినవి. కొండరైతునకు అడవి లేనిదే పశువు లేదు. పశువు లేనిదే ఎరువు లేదు. ఎరువు లేనిదే పంట లేదు. 1921 వేసవిలో అడవులు తగులబడెను. ప్రభుత్వము విచారణ సంఘమును నియమింపగా, అయిదువేలకు పైగా సాక్షులు తమ మొర చెప్పుకొనిరి. సరిగా ఆ దినములలోనే మన పల్నాటిలో పుల్లరి నిర్బంధము నెదిరించి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో ప్రాణము లర్పించెను. కొండలు వేరైనను కష్ట మొక్కటియే.

పంతుగారు ఆవేశముతో తృప్తినొందక, 1922లో కుమావూను అటవీ సమస్యపై నొక గ్రంథము ప్రకటించిరి. 1823లో, అనగా విక్రమ శకము 1880లో, గ్రామములకు ఏర్పరచిన హద్దులను వారు ముందుంచిరి. ఆ హద్దులలోని బంజరు, అడవి గ్రామస్థులవే గాని సర్కారువి కావని రికార్డులతో వాదించిరి. దొరతనమువారి కాగితములనే దొరతనమునకు ఎదురు సాక్ష్యముగా నిలుపుట న్యాయవాది నేర్పు.

ఆ నేర్పుతోనే 1923 ఎన్నికలలో నైనీతాలు ప్రతినిధిగా శాసనసభకు వచ్చి, స్వరాజ్య పక్షమునకు నాయకులైరి. ఆనాటి సభ స్వరూప మెట్టిది? 1919 చట్టము ప్రకారము విద్య, స్థానిక పరిపాలన వంటివి మంత్రుల పాలు. భూమిశిస్తు, పోలీసు, అడవులు గవర్నరు కార్యనిర్వాహక వర్గము చేతిలోనివి. సభ్యుడు ప్రశ్న వేయవచ్చును, తీర్మానము తేవచ్చును, పద్దు తగ్గింపు కోరవచ్చును. సభ తిరస్కరించిన పద్దును గవర్నరు అవసరమని మరల నిలుపవచ్చును. అట్టి సభలో పంతుగారు అడవుల గోడును, శిస్తు భారమును, కొండసీమను సామాన్య చట్టములకు దూరముగా నుంచిన ప్రత్యేక పరిపాలనను విమర్శించుచు వచ్చిరి. ఫలితము? అడవులను రెండు తరగతులుగా విభజించి, వ్యాపారమునకు పనికిరాని భాగమున ఆంక్షలు సడలించిరి. 1931లో గ్రామస్థులే నిర్వహించుకొను వన పంచాయతీలకు నిబంధన లేర్పడినవి. ఇదంతయు సభలోని ప్రశ్న యొక్కటియే సాధించినదని మేము చెప్పజాలము. సరయూ తీరపు జనమును, సాక్ష్యమిచ్చిన వేల రైతులును లేనిదే ఆ ప్రశ్నకు బలము లేదు. కాని జనఘోష సద్దుమణిగిన పిమ్మట ఆ విషయము మరుగునపడకుండ కాచినది ప్రశ్నయే.

సభలో మాటలాడినవారు వీధిలో దెబ్బలకును వెనుదీయలేదు. 1928లో లక్నోలో సైమను సంఘ బహిష్కారమున జవహర్‌లాలు నెహ్రూగారితోపాటు లాఠీదెబ్బలు తినిరి. ఆ బాధ జీవితాంతము వారిని విడువలేదు.

1937 జూలైలో ప్రశ్నించినవారే ప్రధానమంత్రి యైరి. వారి మంత్రివర్గము రూపొందించిన కౌలుదారీ చట్టము 1939లో వెలసెను. ఆ సంవత్సరము నవంబరులో యుద్ధ విషయమై రాజీనామా యిచ్చి, 1946లో మరల అధికారమునకు వచ్చిరి. జమీందారీ రద్దు చట్టము 1952 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చెను. 1955లో కేంద్ర హోంమంత్రియైరి. 1956లో రాష్ట్ర పునర్విభజన శాసనమును పార్లమెంటులో నడిపించినది వారే. ఆ నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించుటలో వారి హస్తమును తెలుగువారు మరువరాదు. 1961 మార్చి 7వ తేదీన వారు దివంగతులైరి.

అయినను పొగడ్తతో ముగించుట మాకు సమ్మతము గాదు. మైదానపు రైతునకు మేలుచేసిన జమీందారీ రద్దు చట్టము కుమావూను కొండలకు వర్తింపలేదు. వానికి వేరు చట్టము 1960లో గాని రాలేదు. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను అటవీ శాఖ పద్ధతి చాలవరకు పాతదారినే నడిచెను. 1973లో పొరుగున నున్న గఢవాలు కొండలలో గ్రామస్థులు చెట్లను కౌగిలించుకొని గొడ్డలి నడ్డగింపవలసి వచ్చెను. 1922లో పంతుగారు వ్రాసిన సమస్య, వారి పక్షమువారు పాతికేండ్లు పాలించిన పిమ్మటను తీరలేదన్నమాట. ఇది వారి నొక్కరిని నిందించుటకు గాదు. అధికారపీఠమునుండి చూచువానికి అడవి ఆదాయముగా కానవచ్చునే గాని పశువుల మేతగా కానరాదని గ్రహించుటకు.

కావున మొదటి సందేహమునకు మా సమాధాన మిది. అధికారములేని సభలోనైనను అడుగువాని వలన ప్రజలకు మేలు కలదు. పంతుగారి పూర్వ జీవితమే దీనికి నిదర్శనము. అడిగినవాడు ఏలికయైన నాడు, వానినే నిలదీసి యడుగు మరియొక సభ్యుడు కావలెను. వారి ఉత్తర జీవితము నేర్పు పాఠ మిది. ఆ రెండవవానిని వెదకి పంపు భారము ఓటర్లదే.