ఒక్క కణముతో తోడు పెట్టినవాడు — ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి యను గ్రామములు ఒకప్పుడు బండరాళ్ల నడుమ నిశ్శబ్దముగ నుండెడివి. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను సౌధము వెలసిన పిమ్మట ఆ ప్రాంతము హైటెక్ సిటీ యను పేర దేశదేశముల ఖ్యాతి గాంచినది. 2015వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము చిన్న బీరు తయారీశాలలకు అనుమతి నొసగు నియమములను చేసెను. అది మొదలు ఆ ప్రాంతపు భోజనశాలలలో కొన్నిటియందు గాజుపలకల వెనుక పెద్ద పెద్ద లోహపాత్రలు కానవచ్చుచున్నవి. సాయంకాలము పని ముగించుకొని వచ్చిన కంప్యూటరు ఉద్యోగులు ఆ పాత్రలను చూచుచు, అక్కడనే తయారైన బీరును రుచి చూచుచు, అది ఎట్లు తయారగునో చర్చించుచుందురు. విదేశములలో చదివి వచ్చినవారు అక్కడ ఇంటిలోనే లాగరు బీరును కాచుకొను అలవాటును గూర్చి ముచ్చటించుచుందురు. మన రాష్ట్రమున అబ్కారీ అనుమతి లేనిదే అట్లు చేయరాదు. కాని ఆ చర్చలలో వినవచ్చు శుద్ధమైన ఈస్టు అను మాటకు వెనుక ఒక మనుష్యుని జీవితమంతయు నున్నది. ఆతడే డెన్మార్కు దేశీయుడగు ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్.

ఆతని కృషి యెట్టిదో తెలియుటకు బీరు తయారగు విధమును కొంచెము తెలిసికొనవలెను. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి చేసి, వేడినీటిలో నానవేసినచో గింజలలోని పిండిపదార్థము చక్కెరగా మారును. ఆ తీపి కషాయమును వడగట్టి, చేదునిచ్చు హాప్స్ పువ్వులతో మరిగించి, చల్లార్చి, దానిలో ఈస్టును కలుపుదురు. ఈస్టు చక్కెరను తిని మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును విడుచును. మన తాటిచెట్టు మీది కల్లునకు ఈస్టును వేరుగ కలుపువారెవ్వరును లేరు. కుండకు అంటియున్నదియు, గాలిలోనిదియు, పురుగులు తెచ్చినదియు ఆ పని చేయును. అందుచేతనే ఉదయము తీయగా నున్న కల్లు సాయంకాలమునకు పులిసిపోవును.

ఈస్టులలో వెచ్చదనమున పనిచేసి నురుగుతో పైకి తేలునవి కొన్ని. చలిలో మెల్లగా పనిచేసి అడుగునకు దిగునవి కొన్ని. రెండవ జాతిచే తయారగునదే లాగరు. జర్మను భాషలో ఆ మాటకు నిలువ చేయుట యని యర్థము. ఇంచుమించు పది డిగ్రీల చలిలో పులియబెట్టి, పిదప మంచు కరగు వేడిమికి కొంచెము పైన వారముల తరబడి నిలువ యుంచిననే గాని దానికి ఆ తేటదనము రాదు.

పూర్వము బీరు కాచువారు ఈస్టును మనము పెరుగు తోడును దాచుకొనునట్లు దాచుకొనెడివారు. నిన్నటి పాత్ర యడుగున మిగిలినది నేటి పాత్రకు తోడు. తోడు మంచిదైనంతకాలము బాధ లేదు. కాని తోడు చెడినచో ఇల్లాలు పొరుగింటికి పోయి మరికొంత తెచ్చుకొనగలదు. వేలకొలది పీపాల బీరు కాచువాని గతి యేమి? కారణమేమో తెలియకుండగనే కషాయమంతయు చేదెక్కి, మసకబారి, దుర్గంధము నొందెడిది. దానిని పారబోయుట తప్ప గత్యంతరము లేకుండెను.

హాన్సెన్ 1842వ సంవత్సరము మే నెల 8వ తేదీన డెన్మార్కు పశ్చిమతీరమందలి రీబె యను ప్రాచీన పట్టణమున జన్మించెను. తండ్రి గోడలకు రంగులు వేసి జీవించువాడు. ఇంటి పేదరికము వలన బాలుని చదువు సాగక, ఆతడును తండ్రివలెనే రంగుల కుంచె చేత బట్టెను. చిత్రకారుడు కావలెనను కోరికతో రాజధానియగు కోపెన్‌హేగెనులోని కళాపరిషత్తు తలుపు తట్టెను గాని ఆ తలుపు తెరువబడలేదు. పిదప ఒక సంపన్నుల యింట పిల్లలకు పాఠములు చెప్పుచు పొట్ట పోసికొనెను. ఆ కాలముననే పీటర్ నీల్సెన్ అను వృక్షశాస్త్రాభిమాని పరిచయమై, ఆతని చూపును మొక్కల మీదికి మరల్చెను. తోటివారు చదువు ముగించి ఉద్యోగములలో స్థిరపడిన వయస్సున హాన్సెన్ విశ్వవిద్యాలయ ప్రవేశమునకై పాఠములు వల్లించుచుండెను.

ఆలస్యముగ వచ్చిన విద్యార్థి అయినను ఆతడు వెనుకబడలేదు. పేడమీద మొలచు శిలీంధ్రములను గూర్చి ఆతడు వ్రాసిన వ్యాసమునకు 1876లో విశ్వవిద్యాలయము స్వర్ణపతకము నొసగెను. ఇతరులు ముక్కు మూసికొని తొలగిపోవు చోట ఆతడు కూర్చుండి చూచెను. ఆ సంవత్సరముననే ఆల్ఫ్రెడ్ యోర్గెన్‌సెన్ అను మిత్రునితో గూడి డార్విను సముద్రయాన గ్రంథమును డేనిషు భాషలోనికి అనువదించెను.

ఆ నగరపు శివారునందలి కొండమీద యాకబ్‌సెన్ అను ధనికుడు 1847లో కార్ల్స్‌బర్గు బీరు కార్ఖానాను స్థాపించియుండెను. ఆతడు 1845లో మ్యూనిక్ నగరమునకు పోయి, సెడ్‌ల్‌మాయరు కార్ఖానానుండి అడుగున దిగు ఈస్టును కొంత సంపాదించి, గుఱ్ఱపు బండిలో వందలకొలది మైళ్లు ప్రయాణము చేసి తెచ్చెను. దారిలో బండి నిలిచిన ప్రతిచోట దిగి, ఈస్టు చావకుండునట్లు ఆ డబ్బామీద చన్నీళ్లు పోసెనని ప్రతీతి. ఆ తోడే కార్ల్స్‌బర్గు భాగ్యమునకు మూలము. 1875లో యాకబ్‌సెన్ తన కార్ఖానాకు ప్రక్కనే ఒక ప్రయోగశాలను నెలకొల్పి, అందు కనుగొనబడిన ముఖ్యవిషయమేదియు రహస్యముగ నుంచరాదని నియమము చేసెను. వ్యాపారి అట్టి నియమము చేయుట ఆనాడే కాదు, ఈనాడును అరుదు.

హాన్సెన్ 1877లో కార్ల్స్‌బర్గున ప్రవేశించి, 1879లో ప్రయోగశాలయందలి శరీరధర్మ శాఖకు అధిపతి యయ్యెను. అదే సంవత్సరమున బీరునందలి సూక్ష్మజీవులను గూర్చిన గ్రంథమునకు డాక్టరు పట్టమును పొందెను. పండ్ల తోటలలో తిరిగి, ఒక జాతి ఈస్టు వేసవిలో పండ్లమీదను, శీతకాలమున మట్టిలోను నివసించుననియు, గాలి, వాన, పురుగులు దానిని మరల పండ్లకు చేర్చుననియు నిరూపించెను. బీరులోనికి పిలువని అతిథులు ఎక్కడనుండి వచ్చుచున్నారో ఆతనికి అట్లు తెలిసెను.

ఆ కాలమున పులియుటను గూర్చి తుదిమాట చెప్పదగినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు. 1876లో ఆయన బీరుపై ప్రకటించిన గ్రంథమున, బీరు చెడుటకు కారణము బాక్టీరియా యని చెప్పెను. ఈస్టును బాక్టీరియానుండి శుభ్రపరచినచో చాలునని ఆయన మతము. యాకబ్‌సెన్ పాశ్చరును గురువువలె గౌరవించువాడు. ఇట్లుండ 1883 ప్రాంతమున కార్ల్స్‌బర్గు బీరునకే తెగులు సోకెను. రుచి చేదు, వాసన చెడు. హాన్సెన్ పరీక్షించి చూడగా బాక్టీరియా కాదు, ఈస్టే దోషి యని తోచెను. మంచి ఈస్టు నడుమ చెడు ఈస్టులు దాగి యున్నవి. దొంగ బయటినుండి రాలేదు. ఇంటిలోనే, ఇంటివాని వేషముననే యున్నాడు.

ఇది సామాన్యమైన మాట కాదు. ఒకవైపు లోకపూజ్యుడగు పాశ్చరు సిద్ధాంతము. మరియొకవైపు జీతమిచ్చు యజమాని, స్వహస్తములతో మ్యూనిక్ నుండి తెచ్చి నలువది యేండ్లు కాపాడిన తోడు. ఆ తోడే కల్తీ యని రంగులు వేయువాని కుమారుడు చెప్పవలసి వచ్చెను. యాకబ్‌సెన్ వెంటనే నమ్మలేదు. నమ్మించుటకు వాదము చాలదు, ప్రయోగము కావలెను.

సూక్ష్మదర్శినిలో చూచినను ఈస్టుల ఆకారములు ఒకదానితో నొకటి కలిసిపోవును. ఒకే జాతి గుండ్రముగను ఉండును, కోలగను ఉండును. కావున ఆకారమును నమ్మరాదని హాన్సెన్ గ్రహించెను. ప్లాస్టరు దిమ్మెలపై ఈస్టును పెంచి, ఏ వేడిమిలో ఎన్ని గంటలకు బీజములు పుట్టునో లెక్కించి, జాతులను వేరుపరచెను. అంతకంటె ముఖ్యమైన పని, ఒకే ఒక్క కణమును పట్టుకొనుట. అందులకు ఆతడు అనుసరించిన మార్గము బాలురకును బోధపడునంత సులభము. ఈస్టు కలిసిన నీటి బొట్టులో ఎన్ని కణములున్నవో లెక్కించెను. రెండు బొట్లకు ఒక కణము మాత్రమే వచ్చునంతవరకు నీరు కలుపుచు పోయెను. పిదప కషాయముగల గాజు బుడ్లలో ఒక్కొక్క బొట్టు విడిచి, బాగుగ కుదిపి, కదలకుండ నుంచెను. కొన్ని బుడ్లలో ఏమియు మొలవలేదు. కొన్నిటిలో రెండు మూడు తెల్లని చుక్కలు తోచెను. ఒకే చుక్క తోచిన బుడ్డిలోని సంతతి యంతయు ఒక తల్లి బిడ్డలే. జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కోఖ్ వాడిన జెలటిన్ పద్ధతిని గూడ గైకొని, ఒంటి కణము పెరుగుటను హాన్సెన్ కంటితోనే చూచెను.

ఇట్లు వేరుపరచిన జాతులతో విడివిడిగ బీరు కాచి చూడగా కొన్ని చెడు రుచి నిచ్చెను; ఒకటి మాత్రము తేటయైన, మంచి బీరు నిచ్చెను. దానికి కార్ల్స్‌బర్గు అడుగు ఈస్టు ఒకటవ సంఖ్య యని పేరిడిరి. 1883వ సంవత్సరము నవంబరు 12వ తేదీన మొదటిసారిగ ఆ శుద్ధమైన ఈస్టును కార్ఖానాలో వాడిరి. ఫలితమును చూచిన పిమ్మట యాకబ్‌సెన్ తన సందేహమును విడిచెను. తప్పు నొప్పుకొనుటకు వెనుదీయని ఆ యజమాని అంతటితో నిలువక, ఆ ఈస్టును అడిగిన ఇతర కార్ఖానాలకు, పోటీదారులకు సైతము, మూల్యము గొనక పంచిపెట్టెను. పొరుగింటికి తోడు ఇచ్చుటలో మన ఇల్లాండ్రు చూపు ధర్మమే అది. కొన్ని సంవత్సరములలోనే యూరపు, అమెరికా ఖండముల లాగరు కార్ఖానాలు హాన్సెను మార్గము ననుసరించెను. క్యూలె యను సహచరునితో గూడి ఈస్టును శుద్ధముగ పెంచు యంత్రమును గూడ ఆతడు రూపొందించెను.

ఆ ప్రయోగశాల ఎట్టి సరస్వతీ నిలయమో మన విజ్ఞానశాస్త్రోపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. నత్రజనిని కొలుచు జెల్డాల్ పద్ధతి ఆ 1883లోనే అచ్చటనే వెలువడెను. ఆమ్లత్వమును తెలుపు పిహెచ్ మానమును సోరెన్‌సెన్ 1909లో అచ్చటనే ప్రతిపాదించెను.

హాన్సెను సిద్ధాంతమునకును హద్దులు లేకపోలేదు. ఇంగ్లండు దేశపు బీరు కాపరులు ఒక్క జాతి ఈస్టుతో తమ పాతరుచి రాదని పట్టుబట్టిరి. వారి మాటలో సత్యము కలదని 1904లో కార్ల్స్‌బర్గు శాస్త్రజ్ఞుడే యగు క్లౌసెన్ చూపెను. పీపాలలో ఆలస్యముగ పనిచేయు మరియొక జాతి ఈస్టు వారి బీరునకు ఆ సువాసన నిచ్చుచున్నదని ఆతడు తెలిపెను. ఒకచోట దొంగ యనిపించుకొన్నవాడు వేరొకచోట చుట్టమగుట ప్రకృతిలో వింత కాదు. నేడు చిన్న తయారీశాలలవారు కావలెననియే నానావిధములగు ఈస్టులను వాడుచున్నారు. కాని ఏది కావలెనో ఏది వలదో ఎన్నుకొను శక్తి వారికి హాన్సెన్ వలననే లభించినది.

1908లో ఆతడు తన ఈస్టునకు కార్ల్స్‌బర్గు పేరిట శాస్త్రీయనామము నొసగెను. మరుసటి యేడు, 1909వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన, అరువదియేడవ యేట పరమపదించెను. సూక్ష్మజీవశాస్త్రమున కృషి చేసినవారికి ఆతని పేరిట స్వర్ణపతకము నొసగుట ఆచారమైనది.

ఆతని కథకు ఒక అనుబంధము కలదు. లాగరు ఈస్టు రెండు జాతుల సంకరమని తరువాతివారు కనుగొనిరి. ఒక జాతి రొట్టెలను, సామాన్యపు బీరును పులియబెట్టునదే; రెండవది ఎక్కడిదో చాలకాలము తెలియలేదు. 2011లో దక్షిణ అమెరికా కొనయందలి పటగోనియా అడవులలో, బీచి జాతి చెట్లమీద దానిని గుర్తించిరి. తరువాత టిబెట్టులోను, ఐర్లండులోను గూడ అది కనబడినది. హాన్సెన్ ఒంటిగా నిలిపిన ఆ కణమునందే రెండు వంశములు కలిసియున్నవన్నమాట.

బీరు త్రాగవలెనా వలదా యనునది ఎవరి వివేకమునకు వారు విడువవలసిన విషయము. ఆ లోహపాత్రల వెనుకనున్న శాస్త్రము మాత్రము అందరిది. రొట్టెలు కాల్చుచోటను, మందులు తయారగుచోటను నేడు ఈస్టును శుద్ధముగ పెంచుచున్నారు. దానికి దారి చూపినవారిలో హాన్సెన్ అగ్రగణ్యుడు. కళాపరిషత్తు తిప్పి పంపిన రంగులవాడు, పేడమీది బూజును ప్రేమించిన విద్యార్థి, ఎంతటివారు చెప్పినను తన కంటితో చూచిన దానినే నమ్మెను. చూచినదానిని ఇతరులును చూచునట్లు చేసెను. రేపు తరగతిలో ఈస్టు పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయుడు పెరుగు తోడుతో మొదలుపెట్టినచో, హాన్సెన్ ఆ తరగతిలో అడుగిడుట కెంతోసేపు పట్టదు.