నాలుగు సెల్లుల మీద నడిచిన ఆట

మన సావనీర్‌లో జీవితచరిత్ర అంటే శాస్త్రవేత్తదో, దేశనాయకునిదో ఉండటం రివాజు. నేను మాత్రం ఒక ఆటబొమ్మల మనిషి గురించి రాస్తున్నాను. దానికో కారణముంది.

పోయిన ఏడాది ఎగ్జిబిషన్‌కి నలుగురం కలిసి కంప్యూటర్ గేమ్ తయారు చేయబూనాం. పెత్తనం నాది. ఎడ్ల పందేలు, తిరునాళ్ళు, రంగులరాట్నం అన్నీ అందులో ఉండి తీరాలని పట్టుబట్టాను. తీరా ఆ రోజు పొద్దున ల్యాబ్ కంప్యూటర్ మీద అది కదలనంటే కదలనంది. రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని బొమ్మలు వేసిన మిత్రుడు నాతో మాట్లాడటం మానేశాడు. ఆ సెలవుల్లోనే గుంపే యోకోయ్ గురించి చదివాను.

ఆయన 1941లో జపాన్‌లోని క్యోటోలో జన్మించారు. దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి 1965లో నింటెండోలో చేరారు. అప్పట్లో ఆ కంపెనీ ముఖ్య వ్యాపారం పేకముక్కలు. ఈయన పని ఆ యంత్రాలు చూసుకోవడం. తీరిక వేళల్లో, నొక్కితే ముందుకు సాగి వస్తువును పట్టుకునే చెయ్యి ఒకటి సరదాకి చేసుకున్నారు. అధ్యక్షుడు హిరోషి యమౌచి కంట అది పడింది. చీవాట్లు తప్పవనుకుంటే, దాన్నే సరుకుగా తయారు చేయమన్నారాయన! 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో వచ్చి అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. యంత్రాలు చూసుకునే కుర్రాడు క్రమేణా తయారీ విభాగానికే పెద్ద అయ్యారు.

ఆయన సూత్రం తేలికైనది. కొత్తగా వచ్చిన ఖరీదైన సామగ్రి వెంట పడకూడదు. పాతబడి, చవకై, గుట్టుమట్లన్నీ తెలిసిపోయినదాన్ని ఎవరూ ఊహించని పనికి వాడాలి. కాలిక్యులేటర్ కంపెనీల పోటీతో 1970లలో ఆ తెరలు, చిప్పులు బాగా చవకయ్యాయి. వాటితోనే 1980లో జేబులో పట్టే గేమ్ అండ్ వాచ్ చేశారు. ఆ వరుసలో 4.34 కోట్ల ఆటలు అమ్ముడయ్యాయి. 1981లో, అప్పటికి సొంతంగా ఒక్క గేమూ రూపొందించని షిగెరు మియమోతో చేత డాంకీ కాంగ్ చేయించినప్పుడు, పర్యవేక్షణ ఈయనదే.

1989లో గేమ్ బాయ్ వచ్చింది. పోటీదార్ల తెరలు రంగులవి, కానీ ఆరు సెల్లులు కొన్ని గంటల్లో తాగేసేవి. గేమ్ బాయ్ తెరకు రంగుల్లేవు, వెలుగూ లేదు. నాలుగు సెల్లులతో పది గంటలకు పైగా నడిచేది. మా నాన్న కూడా దిగుబడి అడగడు, పెట్టుబడి పోను మిగిలిందెంత అని అడుగుతాడు. తర్వాత వచ్చిన రంగుల గేమ్ బాయ్‌తో కలిపి సుమారు 11.87 కోట్లు అమ్ముడయ్యాయి.

అంతటి మనిషీ ఒకసారి దెబ్బతిన్నారు. 1995లో తెచ్చిన వర్చువల్ బాయ్, కళ్ళు పెట్టి చూస్తే అంతా ఎర్రగా కనబడే యంత్రం, ఎనిమిది లక్షలైనా పోలేదు. ఏడాది తిరక్కుండానే ఆపేశారు. అయినా ఆయన చేతులెత్తేయలేదు. తక్కువ సెల్లులతో నడిచే చిన్న గేమ్ బాయ్ పాకెట్ పూర్తయ్యాకే, 1996 ఆగస్టులో నింటెండో వదిలారు. కోటో అనే చిన్న సంస్థ పెట్టుకున్నారు. 1997 అక్టోబర్ 4న రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు. అప్పటికి వయసు 56. ఆయన చేయి పడిన వండర్‌స్వాన్ 1999లో విడుదలైంది. దానికి ఒక్క సెల్లు చాలు.

నా తప్పు యంత్రంలో లేదని ఆయన చరిత్ర చదివాకే తెలిసింది. మా దగ్గరున్నదెంతో కొలుచుకోకుండా, స్నేహితుడి కష్టాన్ని పందెం కాశాను. సెలవులవగానే వాళ్ళ గదికి వెళ్ళి ఆ మాటే ఒప్పుకున్నాను.

ఈ ఏడాది మా గేమ్‌లో ఒకే జొన్నచేను, ఒక మంచె, ఒడిసెల, పిట్టలు. అంతే. ల్యాబ్‌లోని పాత కంప్యూటర్ మీదే నడుస్తోంది. పిట్టల బొమ్మలు వేసింది వాడే.