కాగితం మీద కాజేసిన భూములు: ఫ్రెడరిక్ విటేకర్ కథ

ఒక జాతి భూములు లాక్కోవాలంటే తుపాకులు ఒక్కటే సరిపోవు. చట్టం అనే కాగితం కూడా కావాలి. న్యూజిలాండ్‌లో మావోరీల భూములకు ఆ కాగితం తయారుచేసిన వాళ్లలో ముఖ్యుడు ఇంగ్లీషు సొలిసిటర్ ఫ్రెడరిక్ విటేకర్.

విటేకర్ 1812లో ఇంగ్లండ్‌లోని బాంప్టన్ అనే ఊళ్లో పుట్టాడు. న్యాయవాద వృత్తి నేర్చుకుని 1840లో న్యూజిలాండ్ చేరాడు. సరిగ్గా అదే ఏడాది బ్రిటిష్ రాణి పేరు మీద మావోరీ పెద్దలతో వైటంగి ఒప్పందం జరిగింది. మీ భూములు, అడవులు, చేపల రేవులు మీవే, మీకు ఇష్టం ఉంటేనే అమ్ముకోండి అని అందులో మాట ఇచ్చారు.

విటేకర్ ఆక్లాండ్‌లో వకాలత్ మొదలుపెట్టాడు. తెలివైనవాడు, మాట తక్కువ, పని ఎక్కువ. 1856 నాటికే అటార్నీ జనరల్ అయ్యాడు. 1861లో థామస్ రసెల్ అనే మరో వకీలుతో కలిసి సంస్థ పెట్టాడు. అదే ఏడాది రసెల్ పూనికతో పుట్టిన బ్యాంక్ ఆఫ్ న్యూజిలాండ్‌కు న్యాయ వ్యవహారాలు చూసింది వీళ్లే. భూముల వ్యాపారంలోనూ ఇద్దరికీ చేయి ఉంది.

భూమి చేజారిపోతోందని గ్రహించిన మావోరీ తెగలు కొన్ని 1858లో తమకంటూ ఒక రాజును ఎన్నుకున్నాయి. దీన్ని బ్రిటిష్ సర్కారు తిరుగుబాటుగా చూసింది. 1863 జులైలో గవర్నర్ జార్జ్ గ్రే సైన్యం వైకాటో ప్రాంతంలోకి దిగింది. అక్టోబర్‌లో విటేకర్ ప్రధాని అయ్యాడు. రసెల్ రక్షణ మంత్రి. అంటే యుద్ధం నడిపేదీ, భూమి లెక్కలు చూసేదీ ఒకే ఆఫీసు మనుషులన్న మాట.

డిసెంబర్‌లో సెటిల్‌మెంట్స్ చట్టం వచ్చింది. ఒక తెగ తిరగబడిందని గవర్నర్ తేలిస్తే చాలు, ఆ ప్రాంతం జప్తు చేయొచ్చు. కత్తి పట్టనివాడి పొలం కూడా పోతుంది. అతను కోర్టుకెళ్లి పరిహారం అడుక్కోవాలి. జప్తు చేసిన భూమి అమ్మి యుద్ధానికి తెచ్చిన అప్పు తీర్చాలన్నది పథకం.

ఎంత భూమి తీసుకోవాలన్న దానిపై గ్రేతో గొడవపడి 1864 నవంబర్‌లో విటేకర్ రాజీనామా చేశాడు. చట్టం మాత్రం ఆగలేదు. వైకాటోలో దాదాపు 12 లక్షల ఎకరాలు జప్తయ్యాయి.

1882లో విటేకర్ మళ్లీ ప్రధాని అయ్యాడు. 1884లో అతనికి సర్ బిరుదు దక్కింది. అదే ఏడాది మావోరీ రాజు తాఫియావో అర్జీ పట్టుకుని లండన్ దాకా వెళ్లాడు. రాణి దర్శనం దొరక్కుండానే వెనక్కి వచ్చాడు. 1891లో విటేకర్ ఆక్లాండ్‌లో కన్నుమూశాడు.

మావోరీలు మాత్రం ఆ అర్జీని వదల్లేదు. తాతల నుంచి మనవళ్ల దాకా అడుగుతూనే వచ్చారు. చివరికి 1995లో ప్రభుత్వం తప్పు ఒప్పుకుంది. క్షమాపణతో పాటు 17 కోట్ల డాలర్ల విలువైన పరిహారం ఇచ్చింది. ఆ చట్టం మీద రాణి రెండో ఎలిజబెత్ న్యూజిలాండ్‌లో స్వయంగా సంతకం చేశారు.

విటేకర్ చేసిందంతా చట్టప్రకారమే. ఆ చట్టం రాసుకుంది వాళ్లే కదా! చట్టం వేరు, న్యాయం వేరు. ఆ తేడా ఒప్పించడానికి మావోరీలకు 132 ఏళ్లు పట్టింది.