పట్టా తక్కువైనా పట్టు వీడని భీమవరం బిడ్డ
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ చదువు కథ

పై చదువుకు సీటు కావాలంటే ఇవాళ మార్కులు, సర్టిఫికెట్లు, ఫీజు అంటూ నూరు అడ్డంకులు కనిపిస్తాయి. వందేళ్ల కిందట వీటన్నిటితోపాటు సముద్రాన్ని కూడా దాటవలసి వచ్చిన వ్యక్తి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. నేడు పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రంగా ఉన్న భీమవరంలో 1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు ఆయన జన్మించారు.

తండ్రిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఆరోగ్యం చెడడంతో ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడమే కష్టమైంది. సుబ్బారావుకు చిన్నతనంలో చదువు మీద మనసు నిలవలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంటినుంచి పారిపోయారని, తల్లి వెనక్కు రప్పించిందని చెబుతారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. కొడుకు చదువు కోసం వెంకమ్మగారు ఒంటిమీది బంగారాన్ని సైతం వదులుకున్నారు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివేటప్పుడు ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యసిస్తానంటే తల్లి ససేమిరా అంది. వైద్యం నేర్చుకుని రోగులకు సేవ చేయడం మేలని మఠం పెద్దలూ సలహా ఇచ్చారు. అలా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరితో వివాహమైంది. ఆపైన ఆయన చదువు ఖర్చులో మామగారు చేయి వేశారు.

ఖద్దరు తెచ్చిన చిక్కు

గాంధీజీ పిలుపుతో దేశమంతా ఖద్దరు కడుతున్న రోజులవి. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. ఆంగ్లేయుడైన ఆచార్యుడికి ఇది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా, చివరకు సుబ్బారావు చేతికి వచ్చింది పూర్తి ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని ప్రయత్నించారు గాని ఫలితం దక్కలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ కాలం గడపవలసి వచ్చింది.

ఆ సమయంలోనే ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, నెత్తురు లేక మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బది. ఇంట్లో డాక్టరు ఉండీ కాపాడుకోలేకపోయారు. అప్పటికి దానికి సరైన మందు ఎవరి దగ్గరా లేదు.

అర్జీ ఒక ఎత్తు, ఖర్చు మరో ఎత్తు

ఈ జబ్బుల లోతు తెలుసుకోవాలంటే ఉష్ణమండల వైద్యం చదవాలి. రాక్‌ఫెల్లర్ సంస్థ తరఫున మన దేశానికి వచ్చిన ఒక అమెరికన్ డాక్టరు పరిచయం కావడంతో ఆయన దృష్టి అమెరికా మీదికి పోయింది. బోస్టన్‌లోని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ప్రవేశం దొరికింది. సీటు వచ్చినంత మాత్రాన ప్రయాణం సాగదు కదా. ఓడ కిరాయి కావాలి, అక్కడ బతకడానికి డబ్బు కావాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మిగతా సొమ్ము మామగారు కూడగట్టారు. తల్లిని, భార్యను ఇక్కడే విడిచి సుబ్బారావు ఓడ ఎక్కారు.

బోస్టన్‌లోనూ పాత పట్టా అడ్డు తగిలింది. ఎల్.ఎం.ఎస్.తో అక్కడి ఆసుపత్రిలో డాక్టరు పని దొరకలేదు. రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే రాత్రి కూలీగా పనిచేశారు. రాత్రి ఆ పని, పగలు చదువు. 1924లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా సాధించారు.

అక్కడితో ఆగలేదు. హార్వర్డ్ వైద్య కళాశాలలోనే జీవరసాయన శాఖలో చేరి, సైరస్ ఫిస్క్‌తో కలిసి పరిశోధనకు పూనుకున్నారు. ఒంట్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. ప్రయోగశాలల్లో నేటికీ అది వారి పేర్లతోనే వ్యవహారంలో ఉంది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏ.టి.పి.ని 1929లో వెల్లడించారు. 1930లో హార్వర్డ్ ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది. మద్రాసులో పూర్తి పట్టాకు నోచుకోని విద్యార్థి ప్రపంచ ప్రసిద్ధి గల విశ్వవిద్యాలయంలో డాక్టరేటు అందుకున్నారు.

మన ఊళ్లకు చేరిన మందులు

హార్వర్డ్‌లో శాశ్వత ఆచార్య పదవి మాత్రం ఆయనకు దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి పరిశోధన బాధ్యతలు చేపట్టారు. ఆయన ఆధ్వర్యంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు పనికివచ్చిన మందు అదే. గర్భిణులకు రక్తహీనత రాకుండా ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతోపాటు ఉండేదీ అదే.

బోదకాలుకు వాడే హెట్రజాన్ 1947లో అక్కడినుంచే వెలువడింది. డి.ఇ.సి. మాత్రలంటూ గోదావరి పల్లెల్లో ఇంటింటికీ పంచినవి ఇవే. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలోనే బయటికి వచ్చింది. పసిపిల్లల రక్త క్యాన్సర్ మీద డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన మందులు లెడర్లీలో తయారైనవే. మెథోట్రెక్సేట్‌ను నేటికీ వైద్యులు వాడుతున్నారు.

1948 ఆగస్టు 8న న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి ఆయన తనువు చాలించారు. అప్పటికి వయస్సు 53 ఏళ్లు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వదేశానికి తిరిగి రానూ లేదు. బంగారం వదులుకుని చదివించిన తల్లిని గాని, ఎదురుచూసిన భార్యను గాని మళ్లీ కళ్లారా చూసుకోలేకపోయారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

రెండుసార్లు పరీక్ష తప్పామని, పట్టా చిన్నదని, చేతిలో పైసా లేదని దరఖాస్తు పెట్టడానికే వెనుకాడే పల్లెటూరి పిల్లలు నేటికీ ఉన్నారు. ఆ మూడు ఇబ్బందులూ భీమవరం సుబ్బారావుకూ ఉండేవి.